కాలవ గట్టు మీద పాత సమాధుల తోట బాగుచేస్తన్నాం, శనివారం జేసీబీ పెట్టించొచ్చా?

కొమ్మమూరు గట్టు:

అందరికీ నమస్తే. మాది గుంటూరు జిల్లా, కొమ్మమూరు కాలవ పక్కన ఊరు. ఊరి చివర గట్టుకి ఆనుకుని ఒక పాత సమాధుల తోట ఉంది, ఎకరంలోపే ఉంటది. మా నాన్న చిన్నప్పుడే చర్చి వెనకాల కొత్త స్థలం ఇచ్చారంట, అప్పట్నుంచి ఇక్కడ ఎవర్నీ పెట్టట్లేదు, తెలిసిన పెద్దోళ్ళు ఒక్కొక్కళ్ళూ పోయారు, సర్కారు తుమ్మ అల్లుకుపోయి మనిషి దూరే సందు లేకుండా అయింది. మొన్న ఎండాకాలం మా నాయనమ్మ "మా అమ్మని అక్కడే పెట్టార్రా, నేను పోయేలోపు ఒక్కసారి చూపించండి" అని అడిగింది. కత్తి పట్టుకుని పోయి చూస్తే పది అడుగులు కూడా లోపలికి పోలేకపోయాం. వెనక్కొచ్చి ఆమెకి ఏం చెప్పాలో తెలీలేదు.

అప్పట్నుంచి మేం ఏడుగురం ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అన్నం తిని రెండింటికల్లా అక్కడికి పోతన్నాం. గేటు వైపు మూడో వంతు కొట్టాం, ఇప్పటికి 31 రాళ్ళు బయటపడ్డాయి. ఎక్కువ నాపరాళ్ళే, కొన్ని పాలరాయి పలకలు, రెండు మాత్రం ఇటుకతో సున్నంతో ఎత్తుగా కట్టినవి, ఊళ్ళో దొరల సమాధులంటారు. ఒకటి కాలవ తవ్వించిన ఇంజినీరుదంట, ఇంకోటి గుంటూరు మిషన్ ఆసుపత్రి డాక్టరు కుగ్లర్ అమ్మగారిదంట, దాని మీద రాతి పలక ఎవరో పీక్కుపోయారు.

ఇప్పుడు సంగతేంటంటే నవంబరు 2 సమాధుల పండగ నాటికి మొత్తం శుభ్రం చేసి అందరం కొవ్వొత్తులు పెట్టాలని సంఘంలో అనుకున్నారు. ఒకాయన జేసీబీ ఖర్చు పెట్టుకుంటానన్నాడు, శనివారం వస్తది, ఒక్కపూటలో తుమ్మంతా పీకేసి నేల చదును చేసి ఇస్తానంటన్నాడు. పెట్టించొచ్చా? ఇంకా పాలరాయి మీద నల్లగా నాచు గట్టిగా పట్టేసింది, యాసిడ్ పోస్తే పోతదని మా వాడొకడు అంటన్నాడు. పడిపోయిన రాళ్ళని సిమెంటు పెట్టి నిలబెట్టి అన్నిటికీ తెల్ల రంగేసి అక్షరాలు నల్ల ఎనామిల్‌తో దిద్దిద్దాం అనుకుంటన్నాం. ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, తెలీక ఏదన్నా పాడు చేస్తామేమో అని భయంగా ఉంది.

బెజవాడ అక్క:

తమ్ముడూ, యాసిడ్ సీసా ముందు ఇంటికి పంపించెయ్, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నేను చేసిన తప్పు చెప్తా. ఆరేళ్ళ కింద విజయవాడలో మా తాతయ్య సమాధి, తెల్ల పాలరాయి పలక, నల్లగా అయిపోయిందని ఒక మనిషిని మాట్లాడాం. ఆయన బాత్రూమ్ కడిగే యాసిడ్ తెచ్చి పోశాడు, నేను పక్కనే నిలబడి చూస్తన్నా. బుసబుసా పొంగింది, నీళ్ళు పోస్తే పాలలాగా తెల్లగా మెరిసిపోయింది, ఎంత సంతోషపడ్డానో. తర్వాత దగ్గరికి పోయి చెయ్యి పెట్టి చూస్తే నున్నగా ఉండాల్సిన రాయి గరుగ్గా ఉంది, వేలితో రాస్తే పంచదారలాగా పొడి రాలింది. రెండు వానాకాలాలు పోయేసరికి అక్షరాల అంచులు కరిగిపోయి వత్తులు, దీర్ఘాలు ముందు పోయాయి. ఇప్పుడు తాతయ్య పేరు తెలిసినవాళ్ళకే కనపడుద్ది, తెలియనివాళ్ళకి అది ఏదో గీతల రాయి. పాలరాయన్నా నాపరాయన్నా సున్నపు జాతే, యాసిడ్ మురికిని తీయదు, రాయినే తినేసి కింద పొరని చూపిస్తది. అది ఎవరో ఒక్కళ్ళు ముందు చెప్పుంటే బాగుండేది నాకు.

తీగల బ్రష్ వద్దు, కార్లు కడిగే ప్రెషర్ పంపు వద్దు, బ్లీచింగ్ కూడా వద్దు, అందులో ఉప్పు రాతిలోకి దిగి ఎండినప్పుడు లోపల్నుంచి పెచ్చులు లేపుద్ది. ఉత్త నీళ్ళు, మెత్తటి ప్లాస్టిక్ కుచ్చు బ్రష్, వెదురు పుల్ల. ముందు రాయిని బాగా తడపాలి, కింద నుంచి పైకి కడుక్కుంటూ పోవాలి, పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్ళు కిందకి కారి పొడి రాతిలో చారలు పడతాయి. అక్షరాల సందుల్లో పుల్లతో తీయాలి, మేకుతో కాదు. రాయి కదులుతున్నా, తడితే బోలుగా డబడబ మోగుతున్నా దాన్ని ముట్టుకోవద్దు, ఫోటో తీసి వదిలెయ్.

ఎనామిల్ గురించి కూడా చెప్తా, కోప్పడకు. దిద్దేవాడికి సగం అరిగిన అక్షరం ఏదో తెలీదు, తనకి తోచింది రాస్తాడు, ఆ తర్వాత అదే నిజం అయిపోతది.

సున్నం మేస్త్రి కొడుకు:

అక్క చెప్పింది కరెక్టు. నేను సిమెంటు సంగతి చెప్తా, మా నాన్న తాత ఇద్దరూ గానుగ సున్నం పని చేసినోళ్ళే. బెజవాడ దగ్గర పాత ఆనకట్ట 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేశారు, మీ కొమ్మమూరు నీళ్ళు దాని పుణ్యమే, ఆ కాలంలో మన దగ్గర సిమెంటు ఎక్కడిదన్నా, కట్టుబడంతా సున్నమే. అప్పటి ఇటుక, అప్పటి రాయి మెత్తన, వానొస్తే తడుస్తది ఎండొస్తే ఆ తడి అతుకుల్లోంచి బయటికి పోతది. నువ్వు అతుకుల్లో సిమెంటు పెడితే తడికి దారి మూసుకుపోయి ఇటుకలోంచే పోవాల్సి వస్తది, నాలుగేళ్ళలో సిమెంటు గట్టిగా అట్టాగే నిలబడి ఉంటది, దాని చుట్టూ ఇటుక పొడైపోయి రాలిపోతది. విరిగిన నాపరాయిని సిమెంటుతో అతికినా అంతే, రెండోసారి అతుకు పక్కన పగులుద్ది.

సున్నం రాయి తెచ్చి గుంటలో నీళ్ళల్లో చల్లార్చి కనీసం రెండు మూడు వారాలు నాననియ్యి, ఎంత నానితే అంత వెన్నలా అవుద్ది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు జల్లించిన ఇసక. పెట్టాక వారం పది రోజులు తడి గోతాలు కప్పి ఉంచాలి, ఎండకి వదిలేస్తే పిండిలా రాలిపోతది, అందుకే ఈ పని వానలు తగ్గాక చలికాలంలో పెట్టుకో. రంగు కావాలంటే ఇటుక సమాధులకి పల్చటి సున్నం కొట్టొచ్చు, చెక్కిన రాతి పలకల మీద మాత్రం ఏదీ కొట్టొద్దు. ఇంకో మాట, ఇటుకల్లోంచి రావి మొక్క లేచి ఉంటది చూడు, దాన్ని పీకావంటే వేరుతో పాటు సగం సమాధి ఊడొస్తది. మొదలు దగ్గర కోసెయ్, మళ్ళీ చిగురేస్తే మళ్ళీ కొయ్, ఓపిక పట్టు, లోపల వేరు దానంతటదే చచ్చిపోవాలి.

గుంటూరోడు, అయోవా నుంచి:

అన్నా మాది గుంటూరు బ్రాడీపేట, ఇక్కడ అమెరికాలో అయోవాలో తొమ్మిదేళ్ళ నుంచి ఉంటున్నా. నీ పోస్ట్ చూసి ఆగలేక రాస్తున్నా, ఎందుకంటే నేను మూడేళ్ళుగా ఇక్కడ పల్లెటూరి కౌంటీలో ఇదే పనికి వెళ్తున్నా. ఇక్కడ వీటిని పయనీర్ సెమెటరీలంటారు, 1830ల తర్వాత వలసొచ్చి మొదట పొలాలు కొట్టుకున్న కుటుంబాలవి. గత 50 ఏళ్ళలో 12 లేదా అంతకంటే తక్కువ మందిని పెట్టిన తోట అయితే అయోవా చట్టం ప్రకారం అది పయనీర్ సెమెటరీ, అలాంటివి చూసుకోడానికి కౌంటీ ఒక కమిషన్ కూడా వేసుకోవచ్చు. అయినా చేతులు పెట్టి పనిచేసేది వాలంటీర్లే, మా గుంపులో ఎక్కువమంది డెబ్భై దాటినోళ్ళు, మోకాళ్ళ కింద స్పాంజి ముక్కలేసుకుని కూర్చుని పని చేస్తారు. మొక్కజొన్న చేల మధ్యలో చిన్న దిబ్బలాగా ఉంటది, నాలుగు దేవదారు చెట్లు, పల్చటి పాలరాయి పలకలు, చాలావరకు విరిగి పడిపోయినవి, సగం చిన్నపిల్లలవే. మన గట్ల మీద కలరాకి పోయినట్టే ఇక్కడా కలరాకి డిఫ్తీరియాకి ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు పిల్లలు పోయిన రాళ్ళుంటాయి, తేదీలు చూస్తే వారం తేడా. మొదటిసారి అది చదివినప్పుడు బ్రష్ కింద పెట్టేశాను.

ఇక్కడ నేర్చుకున్నది చెప్తా. అసలు పని కడగడం కాదు, వెతకడం. సన్నటి ఇనప చువ్వ, చివర గుండ్రంగా ఉండాలి, మొన ఉండకూడదు. రాయి పడిపోయిన వరసలో జానెడుకొక చోట మెల్లగా నేలలోకి దింపుతారు, మట్టయితే మెత్తగా దిగుద్ది, రాయి తగిలితే టక్‌మని చేతికి తెలుస్తది, అక్కడొక చిన్న జెండా. అరడుగు లోతు కంటే పోనివ్వరు. అలా ఒకే తోటలో ఒక్క ఎండాకాలంలో పద్నాలుగు రాళ్ళు గడ్డి కింద బోర్లా పడున్నవి తీశాం. నేలలో ఉన్న మొహం ఎండావానా తగలక నిన్న చెక్కినట్టు ఉంది. బరువు రాయిని మనుషులు ఎత్తరు, మూడు కాళ్ళ స్టాండు పెట్టి గొలుసుతో లేపుతారు, అడుగున కంకర ఇసక వేసి నిలబెడతారు. కడగడానికి డి-టూ అనే ద్రావణం వాడతారు, నీకు అది అవసరం లేదు, దాని తర్వాత కూడా రుద్ది తెల్లగా చెయ్యరు, ఎండకి వానకి నెలల మీద తనే తేటపడుద్ది. గడ్డి కోసే మెషిన్ తీగని కూడా రాళ్ళ దగ్గరికి రానివ్వరు, పాలరాయి మీద గాట్లు పడతాయని రాయి చుట్టూ జానెడు మేర చేత్తోనే కోస్తారు.

ఇక జేసీబీ. ఇక్కడ ఒక తోటలో మా వాళ్ళ కంటే ముందు ఎవరో మంచి మనసుతోనే ట్రాక్టర్ పెట్టి, రాళ్ళన్నీ తీసి ఒక మూల వరసగా సిమెంటులో నిలబెట్టి, నేల చదును చేశారంట, గడ్డి కోసుకోడానికి వీలుగా ఉంటదని. ఇప్పుడు అక్కడ రాళ్ళున్నాయి, మనుషులు ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. పక్క సీడర్ కౌంటీలో రోచెస్టర్ అని ఒక పాత తోట ఉంది, దాన్ని ఎప్పుడూ దున్నలేదు చదును చెయ్యలేదు కాబట్టి ఈ రాష్ట్రంలో దాదాపు మాయమైపోయిన పాత గడ్డి నేల, పూలు అక్కడ ఇంకా బతికున్నాయి. ఇంకో మాట కూడా చెప్పాలి, ఈ వలసోళ్ళ కంటే ముందు ఈ నేల సాక్, మెస్క్వాకీ అనే ఆదివాసీ జనాలది, 1832 యుద్ధం తర్వాత వాళ్ళ దగ్గర తీసుకున్నారు. వాళ్ళ వాళ్ళని పెట్టిన చోట్లకి రాళ్ళు కూడా లేవు, అందుకే మా పెద్దాయన ఒకాయన ప్రతిసారీ ఒకే మాట అంటాడు, రాయి లేని చోట ఎవరూ లేరనుకోవద్దు అని.

కొమ్మమూరు గట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. యాసిడ్, సిమెంటు, ఎనామిల్ మూడూ ఆపేశాం. జేసీబీ దగ్గరే ఇబ్బందిగా ఉంది. చేత్తో కొడితే పండగకి సగం కూడా అవ్వదు, సంఘ పెద్దలు ఆల్రెడీ అందరికీ చెప్పేశారు, డబ్బిచ్చే ఆయన నొచ్చుకుంటాడు. రాళ్ళున్న చోట వదిలేసి ఖాళీగా ఉన్న వెనక భాగంలో మాత్రం జేసీబీ పెడితే పర్లేదు కదా? అక్కడ ఏమీ లేదు, ఉత్త తుమ్మ చెట్లే.

పాత టీచరమ్మ:

నాయనా, ఆ ఖాళీ స్థలమే ముందు కాపాడుకోవాల్సింది. నిదానంగా చదువు.

గుంటూరులో లూథరన్ మిషన్ 1842 జులై 31న హయ్యర్ దొరగారు రావడంతో మొదలైంది. దానికి పదేళ్ళ ముందే నందన కరువులో ఈ జిల్లా శవాల దిబ్బ అయింది, మళ్ళీ 1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఆ తర్వాత మన పల్లెల్లో సంఘాల్లో చేరినవాళ్ళు ఎవరు? మాలపల్లె, మాదిగపల్లె జనం, కూలికి పోయే వాళ్ళు. వాళ్ళలో రాయి చెక్కించుకోగలిగింది ఎవరు? ఉపదేశి కుటుంబమో, టీచరు కుటుంబమో, ఊరికి ఇద్దరు ముగ్గురు. మిగతావాళ్ళకి తల దగ్గర ఒక చెక్క శిలువ, చెద తినేసేదాకా, లేకపోతే ఒక మామూలు రాయి, పక్కన ఒక మొక్క. గేటు దగ్గర రాళ్ళున్నాయంటే అది కలిగిన వాళ్ళ వరస. వెనక ఖాళీ అంటన్నావే, మీ నాయనమ్మ వాళ్ళమ్మకి రాయి ఉందని ఆమె చెప్పిందా? అడుగు ముందు.

చూసే పద్ధతి చెప్తాను. గట్టి వాన పడ్డ మర్నాడు తెల్లారగట్ల పో, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు. పాత సమాధి మట్టి కుంగుతుంది, మనిషి పొడవున చిన్న పల్లం కనపడుతుంది, నీళ్ళు నిలుస్తాయి, గడ్డి రంగు కూడా తేడాగా ఉంటుంది. మనవాళ్ళు తల పడమటికి, కాళ్ళు తూర్పుకి పెడతారు, కాబట్టి పల్లాలన్నీ ఒకే వైపు తిరిగి వరసలుగా ఉంటే అనుమానం అక్కర్లేదు. జేసీబీ బకెట్ ఒక్కసారి తిరిగితే ఆ వరసలు పోతాయి, మళ్ళీ దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. తుమ్మని నేల మట్టానికి కోయించండి చాలు, వేళ్ళతో పీకొద్దు. డబ్బిచ్చే ఆయనకి నేరుగా చెప్పండి, అదే డబ్బుతో కూలీలని, రంపం మెషిన్‌ని పెట్టమనండి, పండగకి సగం స్థలంలోనే కొవ్వొత్తులు వెలిగించండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కుగ్లర్ అమ్మగారి సంగతి. ఆమె 1883లో వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే పోయారు. మన వైపు దొరసాని సమాధి ఎక్కడ కనపడినా ఆమెదే అంటారు, ప్రేమ కొద్దీ. మీ ఊళ్ళో ఉన్నది ఎవరో నిజంగా తెలుసుకోవాలంటే 1905లో మద్రాసు ప్రభుత్వం అచ్చేసిన సమాధి శాసనాల జాబితా ఉంది, జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి మద్రాసు ప్రెసిడెన్సీ అంతా జిల్లాల వారీగా పోగుచేశాడు. గుంటూరు జిల్లా 1904 అక్టోబరులో ఏర్పడింది కాబట్టి కృష్ణా జిల్లా కింద కూడా వెతుకు. ఇలాంటి తెల్లవాళ్ళ సమాధులకి చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చే సంఘం ఒకటి 1976 నుంచి ఇంగ్లండులో ఉంది, బందరు డచ్చి సమాధులనైతే ఆర్కియాలజీ వాళ్ళే చూస్తున్నారు. దొరలకి ఎవరో ఒకరు ఉన్నారు. ఆ జాబితాలో మీ నాయనమ్మ వాళ్ళమ్మ ఉండదు, ఆమెకి మీరు ఏడుగురే. చర్చిలో భూస్థాపన రిజిస్టరు ఉంటుంది, అయ్యగారిని అడిగి తీయించు, చెదలు పట్టకముందే ప్రతి పేజీ ఫోటో తీయి. రాళ్ళ మీద పాత తెలుగు అంకెలుంటే జాగ్రత్త, అరిగిపోతే ౨, ౩ ఒకేలా కనపడతాయి, ఊహించి రాయొద్దు.

రిటైర్డ్ సర్వేయరు, తెనాలి:

టీచరమ్మ గారు చెప్పాక చెప్పడానికి పెద్దగా లేదు, ఒక్కటే. సచివాలయంలో సర్వేయర్ని కలిసి ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (కొలతల పటం), పాత ఆర్ఎస్ఆర్ (పాత భూమి రిజిస్టరు) కాపీ తీసుకో. శ్మశాన పోరంబోకు అని ఉందా, మిషన్ పట్టానా, కాలవ వాళ్ళ స్థలమా చూడు. పోరంబోకు అయితే 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని స్థలాల జాబితాలో ఎక్కిందో లేదో అడుగు, ఎక్కకపోతే కలెక్టరేట్‌లో అర్జీ పెట్టు. తుమ్మ కొట్టి శుభ్రం చేశాక స్థలం అందరి కళ్ళకీ కనపడుద్ది, గట్టు పక్కన ఎకరం అంటే ఇప్పుడు మాటలు కాదు. హద్దు రాళ్ళు ముందు, మిగతా పని తర్వాత.

పేరెందుకు:

రక్తపింజర ఉంటది, బూట్లు లేకుండా పోకండి బ్రదర్. మొద్దులు, రాళ్ళు చేత్తో ఎత్తకుండా ముందు కర్రతో కదిలించండి. దగ్గర్లో పాము మందున్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి.

కొమ్మమూరు గట్టు:

ఏడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

జేసీబీ రాలేదు. డబ్బిచ్చే ఆయన్ని తెల్లారగట్ల వాన పడ్డాక వెనక్కి తీసుకుపోయి ఆ పల్లాలు చూపించాం, తూర్పు పడమరలుగా వరసలు, కొన్నిట్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆయన చెప్పులు విప్పేశాడు, ఏమీ మాట్లాడలేదు. నలుగురు కూలీలకి పన్నెండు రోజుల డబ్బులిచ్చాడు. రాయి లేని పల్లాలు ఇప్పటికి 64 లెక్కపెట్టాం, ఒక్కోదాని తల దగ్గర వెదురు పుల్ల గుచ్చి గ్రాఫ్ కాగితం మీద గీశాం. చువ్వతో వెతికితే బోర్లా పడ్డ రాళ్ళు అయిదు దొరికాయి. రాత్రి పూట మొబైల్ లైటు రాయి పక్కన నేలకి ఆనించి ఏటవాలుగా వేస్తే పగలు కనపడని అక్షరాలు నీడ పడి లేచొచ్చాయి, "ప్రభువునందు నిద్రించుచున్నది" అని, కింద ౧౯౦, ఆ తర్వాత అంకె ౨ ఔనో ౩ ఔనో ముగ్గురికీ ఒకేలా కనపడలేదు, అలాగే రాసుకున్నాం.

నాయనమ్మని అడిగా, రాయి లేదంది. "తాడిచెట్టుకి కాలవ వైపు, నాన్న ఇటుకలు పేర్చాడు" అంది. తాడిచెట్టు లేదు, మోడు ఉంది. పోయిన ఆదివారం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయాం. మోడుకి కాలవ వైపు నాలుగడుగుల్లో చువ్వకి టక్‌మంది, చేత్తో మట్టి తీస్తే అరడుగు లోపే ఇటుక వరస, ఒక మూల మాత్రం విరిగి ఉంది. ఇంకో కుటుంబం వాళ్ళు కూడా ఇటుకలు పేర్చి ఉండొచ్చు, రిజిస్టర్లో చోటు రాయలేదు, కాబట్టి కాగితం మీద "అయి ఉండొచ్చు" అనే రాశా. నాయనమ్మ మాత్రం కుర్చీ దిగి ఆ ఇటుక మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది, పొద్దుపోతుంది రా అన్నా లేవలేదు.

పండగకి గేటు దగ్గర మాత్రమే వెలిగిద్దామనుకున్నాం, ఆ పుల్లలన్నిటి దగ్గరా కూడా పెట్టమంది ఆమె. పెడతాం. సున్నం గుంటలో నానబెట్టాం, డిసెంబరులో ఆ రెండు ఇటుక సమాధులు మొదలుపెడతాం, మేస్త్రి కొడుకు అన్న ఒక ఆదివారం వచ్చి మొదటిసారి సున్నం, ఇసక కలిపి చూపిస్తే బాగుంటది. కప్పడానికి పాత గోతాలు ఓ యాభై కావాలి, గుంటూరు యార్డు వైపు ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి, మేమే వచ్చి తీసుకెళ్తాం.